పదిహేను ఆంపియర్ల రాత్రి

2016 డిసెంబరు 12, సోమవారం. తమిళుల కార్తీక దీపం ఆ ఏడాది ఆ రోజే వచ్చింది. ఆరంబాక్కంలో తెలుగిళ్ళూ తమిళిళ్ళూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పండగ ఎవరిదన్న లెక్క లేకుండా గడపగడపకూ ప్రమిదలు పెడతారు. ఆ రోజు పొద్దున కడిగి బోర్లించిన ప్రమిదలు రాత్రికీ బోర్లించినట్టే ఉండిపోయాయి. మధ్యాహ్నం మూడు దాటాక వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటింది. గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలి. చెన్నై, కాంచీపురం, తిరువళ్ళూరు జిల్లాల్లో వేల కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. ఆరంబాక్కం తిరువళ్ళూరు జిల్లాకు ఉత్తరపు కొస. అది దాటితే తడ, అంటే ఆంధ్ర.

అప్పటికి జయలలిత పోయి వారం. పెద్ద నోట్లు రద్దయి నెల దాటింది. చేతిలో చిల్లర లేదు, ఏటీఎంలో డబ్బు లేదు, ఇప్పుడు కరెంటూ లేదు. విచిత్రం ఏమిటంటే ఆ ఊరికి కూతవేటు దూరంలో లేనిది లేదు. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట. అయిదు రోజుల ముందే, డిసెంబరు 7న, అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి36 రిసోర్స్‌శాట్-2ఏను మోసుకుని పైకి లేచింది. సరిహద్దు దాటగానే శ్రీసిటీ. అక్కడి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2015 నుంచి షియోమీ ఫోన్లు తయారవుతుండేవి. ఆ రాత్రి మాత్రం తయారైన ఫోన్‌కు ప్రాణం పోయడానికి ఆరంబాక్కం వీధిలో ఒక్క ప్లగ్ పాయింటు లేదు.

ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. డ్రైవరును డ్రైవరనే, బ్యాటరీ షాపు మేస్త్రిని మేస్త్రి అనే అంటాను. మాటల్లో నేను అల్లినవి కొన్ని ఉన్నాయి. తీగలు మాత్రం వాళ్ళు వేసినట్టే చెబుతున్నాను.

రాత్రి ఎనిమిది దాటింది. హైవేకు తూర్పున, చెరువుగట్టు వీధిలో ఒక పెంకుటింటి వసారాలో అవ్వ గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఉబ్బసం. తుపాను చలిగాలికి మధ్యాహ్నం నుంచే గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇంట్లో నెబ్యులైజర్ ఉంది. డాక్టరు రాసిచ్చిన మందు చుక్కలూ ఉన్నాయి. మిషను తిరగడానికి 230 వోల్టులు కావాలి, అవి లేవు. గుమ్మిడిపూండి ఆసుపత్రికి పోదామంటే హైవే మీద చెట్లు అడ్డంగా పడి ఉన్నాయని అటు నుంచి నడిచొచ్చిన వాళ్ళు చెప్పారు.

"మామా, నీ బండిలో బ్యాటరీ ఉండాది గదా. దాంతో ఏమన్నా చెయ్యలేమా?" అన్నాడు మనవడు. శ్రీసిటీలో షిఫ్టు పనికి పోయే కుర్రాడు.

మామ అంటే పక్కింటి డ్రైవరు. ఆయనకున్నది డీజిల్ అంబాసిడర్, నోవా. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు బెంగాల్‌లోని ఉత్తరపారలో 2014 మేలో అంబాసిడర్ల తయారీ ఆపేశారు. ఈయన మాత్రం నడపడం ఆపలేదు. సూళ్ళూరుపేట నుంచి గుమ్మిడిపూండి దాకా పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, తిరుపతి మొక్కులకు అదే బండి. సీట్లు రెండుసార్లు కుట్టించాడు, ఇంజను ఒకసారి దింపించాడు. డ్యాష్‌బోర్డులో సిగరెట్ లైటర్ బొక్క మాత్రం మొదటి నుంచీ లేదు. ఫోన్ ఛార్జింగ్ ఆయనకు ఇంటి దగ్గరి పని, బండిలో పని కాదు.

మొదట తట్టిన దారి లారీలు. చెట్లు పడ్డ దగ్గర బారులు తీరి ఆగిపోయాయి. మనవడు తడుస్తూ పోయి ఒక నెల్లూరు లారీ డ్రైవరును బతిమాలి, ఆయన క్యాబిన్‌లో పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ తెచ్చాడు. డ్రైవరు టార్చి వేసి దాని వెనక రాసింది చూసి తల అడ్డంగా ఊపాడు. ఇరవై నాలుగు వోల్టులు. లారీలో రెండు బ్యాటరీలు వరసన కలిపి 24 వోల్టులు చేస్తారు. కారుది 12. ఆ ఇన్వర్టర్ ఈ కారు మీద కన్ను తెరవదు. లారీనే వీధిలోకి తెద్దామంటే వీధి మొగలో స్తంభం పడి, లారీ పట్టేంత దారి లేదు.

రెండో దారి పెళ్ళి వీడియోలు తీసే అబ్బాయి. కెమెరా బ్యాటరీలు దారిలో ఛార్జి చేసుకోవడానికి 150 వాట్ల కారు ఇన్వర్టర్ కొనుక్కున్నాడు. పన్నెండు వోల్టులదే. అడగ్గానే ఇచ్చాడు. దాని తీగ చివర సిగరెట్ లైటర్ బొక్కలో దూరే ప్లగ్గు ఉంది. అది దూరడానికి అంబాసిడర్‌లో చోటే లేదు.

ఇక్కడే కుర్రాడు తొందరపడ్డాడు. తొందరపడక ఏం చేస్తాడు, వసారాలో నాయనమ్మ భుజాలు ఎగరేసి ఊపిరి లాగుతుంటే? ఇంట్లో పాత స్పీకరు తీగ దొరికింది. బాయినెట్టు ఎత్తి, ఒక పాయ బ్యాటరీ ప్లస్సుకు, ఒక పాయ మైనస్సుకు చుట్టాడు. తీగను ముందు తలుపు సందులోంచి లోపలికి లాగాడు. ఇన్వర్టర్ ప్లగ్గు కోసేసి తీగకు తీగ ముడేద్దామని అతని ఆలోచన. కత్తెర కోసం లోపలికి పోతూ, వాన పడుతోందని కారు తలుపు గట్టిగా వేశాడు.

తలుపు అంచు తీగ తోలును కోసింది. లోపలి రాగి బండి రేకుకు తగిలింది. బండి రేకంతా మైనస్సే కదా. ముందు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది, ఆ వెనకే బాయినెట్టు కింద నుంచి తెల్లటి పొగ. తీగ బ్యాటరీ నుంచి తలుపు దాకా ఎర్రబడి తోలు కారిపోతోంది. కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఉత్త చేత్తోనే బ్యాటరీ దగ్గర తీగ పట్టి లాగాడు. ముడి ఊడొచ్చింది. అరచేతిలో గీత పడింది, తీగ మందాన.

ఇంటి కరెంటుతో ఉండే భయం జనానికి కారు బ్యాటరీతో ఉండదు. పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ స్టార్టరు మోటారును తిప్పడానికి అదే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇస్తుంది. అంత కరెంటు వెంట్రుకంత తీగలోంచి పోతే ఆ తీగ హీటర్ కాయిల్ అయిపోతుంది. ఇంట్లో అయితే మెయిన్ బోర్డులో ఫ్యూజో, ట్రిప్పరో కాచుకుంటుంది. బ్యాటరీ పోలు మీద తీగ చుట్టినవాడికి ఆ కాపలా లేదు.

"నువ్వు ఇంగ దాని జోలికి పోబాక. మేస్త్రిని పిలుచుకొస్తా" అని డ్రైవరు గొడుగు తీసుకున్నాడు. గాలికి అది రెండడుగుల్లోనే తిరగబడింది. దాన్ని అరుగు మీద పారేసి తడుస్తూనే పోయాడు.

హైవే పక్కన బ్యాటరీ షాపు. మేస్త్రి లోపలే ఉన్నాడు. పైకప్పు రేకులు సగం లేచిపోయి, ఛార్జింగ్‌కు వచ్చిన బ్యాటరీల మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. సంగతి విని ఒక్కటే అడిగాడు.

"ఇన్వర్టర్ ప్లగ్గు కోశాడా?"

"కొయ్యలా. అంతలోకే తీగ కాలిపోయింది."

"మంచి పని. ఆ ప్లగ్గు ముక్కులో గాజు ఫ్యూజు ఉంటుందన్నా. కోసుంటే అది కూడా పోయుండేది."

షాపు వెనక ప్రమాదంలో దెబ్బతిన్న పాత ఇండికా ఒకటి విడిభాగాల కోసం పడి ఉంది. మేస్త్రి దాని డ్యాష్‌బోర్డులోంచి లైటర్ సాకెట్టు ఊడబీకాడు. డబ్బాలోంచి ఫ్యూజు హోల్డరు, పదిహేను ఆంపియర్ల ఫ్యూజులు నాలుగు, రెండున్నర ఎంఎం తీగ, లగ్గులు, ఒక హోస్ క్లిప్పు, గరుకు కాగితం తీసి సంచిలో వేసుకున్నాడు. టెస్ట్ ల్యాంపు మెడలో వేసుకున్నాడు.

ఈ సాకెట్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇప్పుడు ప్రపంచంలో చాలా కార్లలో ఉండే ఈ బొక్క ఫోన్ల కోసం పుట్టలేదు. వేలెడు లోతు, రూపాయి బిళ్ళ కంటే కాస్త చిన్న నోరు. దాన్ని కొలిచి చేసింది చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్ళ కోసం. బొడిపె నొక్కితే లోపలి కాయిల్ ఎర్రబడుతుంది, తగినంత వేడెక్కగానే టక్కున బయటికొస్తుంది. అలా వదలడం కోసం సాకెట్టు అడుగున రెండు లోహాల రేకు వేళ్ళు ఉంటాయి. సిగరెట్లు తగ్గాయి, బొక్క మిగిలింది. రేడియోకు, పంపుకు, ఫోన్‌కు అందరూ దాన్నే వాడుకున్నారు. నడిమి పిన్ను ప్లస్సు, చుట్టూ ఉన్న గొట్టం మైనస్సు. మేస్త్రి టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని మొదట చేసిన పని ఆ రేకు వేళ్ళు పీకి పారేయడం. ప్లగ్గు పెట్టినప్పుడు అవి ముక్కును పట్టుకుని గొట్టానికి తగిలిస్తే మళ్ళీ పొగే. తర్వాత తుప్పు పోయేదాకా గొట్టం లోపల గరుకు కాగితం తిప్పాడు.

బండి దగ్గర ఆయన వరస చూసి కుర్రాడికి విసుగొచ్చింది. అంత అవసరంలో ఉంటే ఈయన ముందు బ్యాటరీ మైనస్ లగ్గు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత ప్లస్ పోలుకు తీగ బిగించే ముందు, ఆ తీగలో పోలుకు జానెడు దూరంలోనే ఫ్యూజు హోల్డరు కలిపాడు. ఫ్యూజు పెట్టలేదు, హోల్డరు ఖాళీగానే ఉంచాడు.

"అన్నా, ఫ్యూజు సాకెట్టు కాడ పెడితే చాలదా? ఈడ వానలో ఎందుకు తంటా?"

"సాకెట్టు కాడ పెడితే సాకెట్టుకే కాపలా. ఈడి నుంచి ఆడి దాకా తీగ ఎవురు కాస్తారు? ఇందాక నీ చెయ్యి కాల్చింది సాకెట్టా, తీగా?"

కుర్రాడు ఇంకేమీ అడగలేదు.

నా మటుకు ఈ గాథలో సారమంతా ఆ ఒక్క జవాబులో ఉంది. ఫ్యూజు ఉండేది ఫోన్‌ను కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. అందుకే దాని కొలతను తీగ లావును బట్టి నిర్ణయిస్తారు, అవతల ఏం తగిలిస్తామన్నదాన్ని బట్టి కాదు. రెండున్నర ఎంఎం తీగకు పదిహేను ఆంపియర్లు సుఖమైన బరువు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ముప్ఫైది పెట్టేవాళ్ళుంటారు. ఇంకా ఘనులు సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుడతారు. వాళ్ళు ఫ్యూజు మార్చామనుకుంటారు, నిజానికి తీగనే ఫ్యూజుగా మార్చారు.

కారులో లేని కరెంటు సామాను కొత్తగా బిగించడంలో ఈ ప్రమాదం కారు అంత పాతది. 1930లో చికాగోలో పాల్ గాల్విన్ అనే ఆయన కారు రేడియోలు అమ్మాలని బయలుదేరాడు. అప్పు కోసం ఒక బ్యాంకరు ప్యాకార్డ్ కారులో రేడియో బిగించి చూపిస్తే, అరగంట తిరక్కుండా ఆ కారు అంటుకుందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. గాల్విన్ వదల్లేదు. తన స్టూడిబేకర్‌లో రేడియో పెట్టుకుని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభ దాకా నడుపుకుంటూ పోయి, బయట కారు ఆపి పాటలు వినిపించి ఆర్డర్లు తెచ్చుకున్నాడు. ఆ రేడియోకు పెట్టిన పేరే మోటరోలా. తర్వాత చేతి ఫోన్లు తెచ్చిందీ ఆ కంపెనీయే.

సరే, ఆరంబాక్కం. తీగను ఈసారి తలుపు సందులోంచి లాగలేదు. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకులో స్పీడోమీటర్ కేబులు పోయే రంధ్రం ఉంది, దానికి రబ్బరు బుష్ ఉంది. ఆ బుష్‌లోంచే తీగ కూడా దూర్చాడు. సాకెట్టు కోసం డ్యాష్‌బోర్డుకు బొక్క వెయ్యాలంటే డ్రిల్లు కావాలి, డ్రిల్లుకు కరెంటు కావాలి. కాబట్టి సాకెట్టును హోస్ క్లిప్పులో బిగించి, డ్యాష్‌బోర్డు కింది ఇనుప పట్టీకి కట్టేశాడు. మైనస్ తీగను ఆ పట్టీ బోల్టుకే తగిలించాడు. బ్యాటరీ లగ్గు బిగించి, చివరగా ఫ్యూజు పెట్టాడు. టెస్ట్ ల్యాంపు సాకెట్టులో పెడితే దీపం నిండుగా వెలిగింది.

ఇన్వర్టర్ ప్లగ్గు పెట్టారు. పచ్చ లైటు వచ్చింది. కారు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వసారాలోకి లాగి, తడి నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టారు. కోడలు మందు చుక్కలు కప్పులో పోసి మాస్కు అవ్వ ముఖానికి పెట్టింది. మిషను మీట నొక్కింది.

మిషను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కారులోంచి ఇన్వర్టర్ కుయ్యోమని ఏడ్చింది. పచ్చ లైటు పోయి ఎర్రది వచ్చింది.

మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే.

"బ్యాటరీ దిగిపోయినట్టుండాది. ఇంజను స్టార్ట్ చేస్తా" అని డ్రైవరు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"చెయ్యబాకన్నా."

"ఎందుకూ? స్టార్ట్ చేస్తే పద్నాలుగు వోల్టులొస్తాయి గదా."

"వస్తాయి. పొగ కూడా వస్తాది. అవ్వకు ఊపిరాడక గదా ఈ తంటా. వసారా కాడ డీజిలు బండి ఆన్ చేసి పెడితే ఇంగ మందెందుకు?"

నిజానికి మేస్త్రి అన్నదానికంటే ప్రమాదం పెద్దది. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో, ఇంటికి ఆనించిన పందిరి కింద ఇంజను ఆన్ చేసి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని కునుకు తీసిన మనుషులు లేవకపోవచ్చు. తుపాన్లు, వరదల తర్వాత జనరేటర్ల వల్ల ప్రపంచమంతటా ఇలాంటి చావులు నమోదవుతూనే ఉన్నాయి.

మేస్త్రి మీటర్ తీసి బ్యాటరీ పోల్స్ మీద పెట్టాడు. 12.5. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. అమరరాజా వాళ్ళు తిరుపతి దగ్గర కరకంబాడిలో చేసిన బ్యాటరీ, ఆ వేసవిలోనే కొన్నది. మీటర్ ముళ్ళు సాకెట్టు వెనక పెట్టి, కోడలిని మిషను మీట ఇంకోసారి నొక్కమన్నాడు. 12.5 ఉన్నది అమాంతం పదికి పడిపోయి, ఇన్వర్టర్ ఏడ్వగానే మళ్ళీ పైకి లేచింది.

"దారిలో యాడో తినేస్తా ఉంది" అన్నాడు.

టెస్ట్ ల్యాంపు బాగా వెలిగింది కదా మరి? ఇక్కడే చాలామంది కొత్తవాళ్ళు బోల్తా పడతారు. టెస్ట్ ల్యాంపు బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఇన్వర్టర్ ఆ మిషన్‌ను తిప్పాలంటే పది ఆంపియర్ల పైమాటే, మోటారు కదిలే క్షణంలో ఇంకా ఎక్కువ. దారిలో ఓహ్‌ములో అయిదో వంతు అడ్డు ఉందనుకోండి. బల్బుకు పోయేది వోల్టులో పదో వంతు, కంటికి తెలియదు. పది ఆంపియర్లకు అదే అడ్డు రెండు వోల్టులు మింగేస్తుంది. పదిన్నర వోల్టులకు దిగువన ఇన్వర్టర్ తనంతట తానే చేతులెత్తేస్తుంది, బ్యాటరీ పూర్తిగా పిండేయకుండా దానికి ఆ బుద్ధి పెట్టి చేస్తారు. దీపం పరీక్షలో పాసైన అతుకు పనిలో ఫెయిలవడం అంటే ఇదే.

ఫ్యూజు హోల్డరు తడిమాడు, చల్లగానే ఉంది. ప్లస్ లగ్గు లాగాడు, కదల్లేదు. డ్యాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరి పట్టీ బోల్టు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఈడ కాలతా ఉంది. టార్చి."

ఆ పట్టీ మీద రంగు. రంగు కింద తుప్పు, తుప్పు కింద ఇంకో పాత రంగు. పాతికేళ్ళలో ఎన్నిసార్లు పెయింటు కొట్టారో ఆ బండికి! మైనస్ లగ్గు ఇనుముకు తగిలిందనుకుంటే రంగుకు తగులుతోంది. బోల్టు మరలల సందున ఎక్కడో సూదిమొనంత చోట మాత్రం లోహానికి లోహం అంటుకుంది. ఆ మొన లోంచి బల్బుకు కావలసింది పోతుంది, మోటారుకు కావలసింది పోదు. మన ఊళ్ళల్లో దీన్ని అర్తు పట్టలేదంటారు. పాత బండ్లలో హెడ్‌లైటు గుడ్డిగా వెలగడం నుంచి ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కొట్టుకోవడం దాకా సగం రోగాలకు మూలం ఇదే.

మేస్త్రి బోల్టు విప్పాడు. కత్తి మొనతో గీకాడు, గరుకు కాగితంతో రుద్దాడు. రంగు పొడి కళ్ళలో పడుతుంటే మొహం పక్కకు తిప్పుకుని చేత్తో తడుముతూ రుద్దాడు. బొటనవేలి గోరంత మేర ఇనుము తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. పళ్ళున్న వాషరు ఒకటి వేసి, లగ్గు పెట్టి, పానాతో బిగించాడు. పైన కొంచెం గ్రీజు పూశాడు, మళ్ళీ తుప్పు పట్టకుండా.

"ఇప్పుడు నొక్కమ్మా."

మిషను గుర్రుమంది. ఆగలేదు. మాస్కు పక్కల నుంచి తెల్లటి ఆవిరి వచ్చింది. ఇన్వర్టర్ పచ్చగా ఉంది, దాని ఫ్యాను కీచుమంటోంది. మేస్త్రి మీటర్ వైపు చూశాడు. పదకొండున్నర మీద నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు. కోడలు మాత్రం అవ్వ వీపు నిమురుతూ, "నిదానంగా పీల్చు అత్తా, నిదానంగా" అంటూనే ఉంది.

పది నిమిషాల మందు అది. పది ఆంపియర్ల లెక్కన చూసుకున్నా బ్యాటరీ నుంచి పోయింది రెండు ఆంపియర్ అవర్ల లోపే. పొద్దున్నే ఇంజను స్టార్ట్ కావడానికి అడ్డమే లేదు. ఆ రాత్రి ఇంజను ముట్టుకోనివ్వలేదు మేస్త్రి. తెల్లవారుజామున ఇంకోసారి మందు పెట్టారు. పొద్దెక్కాక, హైవే మీద చెట్లు ఒక పక్కగా నరికి దారి చేశారని తెలిసి, అదే అంబాసిడర్‌లో అవ్వను గుమ్మిడిపూండి తీసుకుపోయి డాక్టరుకు చూపించారు.

అక్కడితో సాకెట్టు పని అయిపోలేదు. మంగళవారం సాయంత్రానికి వీధిలో సగం ఫోన్లు ఆ బండి దగ్గరికి చేరాయి. వాటిలో చెన్నైలో చిక్కుకున్న కొడుకుల నంబర్లున్నాయి, కువైట్‌లో ఉన్న కూతుళ్ళ నంబర్లున్నాయి. ఇందాకటి నెల్లూరు లారీ డ్రైవరు దారి తెరుచుకుని పోతూ పోతూ తన క్యాబిన్ ఛార్జరు ఇచ్చిపోయాడు. దాని మీద 12-24 అని రాసి ఉంది, అంటే కారుకూ పనికొస్తుంది, లారీకీ పనికొస్తుంది. ఆయన ఇన్వర్టర్ చెయ్యలేని పని ఛార్జరు చేసింది. ఒక ఫోన్ ఛార్జరు తాగేది పది వాట్లు, బ్యాటరీ వైపు నుంచి చూస్తే ఒక ఆంపియరు కంటే తక్కువ. నాలుగు ఫోన్లు ఒకేసారి పెట్టినా నెబ్యులైజర్ భారంలో సగం ఉండదు. అయినా డ్రైవరు అట్టముక్క మీద బొగ్గుతో రాసి అద్దానికి ఆనించాడు: మిషను పెట్టేటప్పుడు ఫోన్లు తియ్యవలెను. బ్యాటరీ పన్నెండు వోల్టులకు దిగితే బండిని హైవే మీదికి తీసుకుపోయి తిప్పుకొచ్చేవాడు. ఇంటి ముందు నిలబెట్టి ఇంజను ఆన్ చెయ్యలేదు. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ ఎలాగూ పూర్తిగా ఇవ్వదు, డీజిలు దండగ.

కరెంటు సంస్థ అటు తడలో ఎస్‌పీడీసీఎల్, ఇటు ఆరంబాక్కంలో టాన్‌జెడ్కో. రెండు పక్కలా లైన్‌మన్లు స్తంభాలు లేపుతూనే ఉన్నారు. కొన్ని వీధులకు కరెంటు రావడానికి రోజులు పట్టింది.

మేస్త్రికి డబ్బులివ్వబోతే అదొక ప్రహసనం. డ్రైవరు దగ్గర ఉన్నది ఒక్క రెండు వేల నోటు. మేస్త్రి దగ్గర చిల్లర లేదు, ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. "సంక్రాంతికియ్యన్నా" అన్నాడు మేస్త్రి. కరెంటు వచ్చాక బండిని షాపుకు తెమ్మని, ఆ కట్టు విప్పి పని మళ్ళీ చేశాడు. డ్రిల్లుతో బొక్క వేసి సాకెట్టును డ్యాష్‌బోర్డులో కూర్చోబెట్టి మూత పెట్టాడు. మైనస్ తీగను పట్టీకి వదలకుండా నేరుగా బ్యాటరీ దాకా లాగాడు. సాకెట్టు తాళం తీస్తే ఆగిపోవాలా, ఎప్పుడూ ఉండాలా అని అడిగాడు. తాళంతో ముడిపెడితే మరచిపోయినా బ్యాటరీ దిగదు. ఎప్పుడూ ఉంచితే ఆపదలో తాళం లేకుండా పనికొస్తుంది, కాకపోతే ఛార్జరు తీయడం గుర్తుండాలి. ఎప్పుడూ ఉంచమన్నాడు డ్రైవరు. ఫ్యూజు మాత్రం మొదటి రాత్రి పెట్టిన చోటే ఉంది, బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలో.

మీ బండి పాతదైతే, దానిలో సాకెట్టో, యూఎస్‌బీ పాయింటో, పాటల పెట్టో ఎవరైనా తర్వాత బిగించి ఉంటే, ఈ ఆదివారం ఒకసారి బాయినెట్టు ఎత్తండి. బ్యాటరీ ప్లస్సు నుంచి బయలుదేరిన ప్రతి సన్న తీగనూ కంటితో జానెడు దూరం వెంబడించండి. ఆ జానెడులో ఫ్యూజు కనబడకపోతే మీరేమీ ముట్టుకోకుండా బండిని మీ ఊరి బ్యాటరీ షాపుకు తీసుకెళ్ళండి. అరగంట పని. వచ్చే తుపాను దాకా ఆగకండి.